ఒంటికి బట్టా? బట్టకు ఒళ్లా?



ఈసారి రక్తపోటు గురించో, చక్కెర వ్యాధి గురించో కాదు, దుస్తుల గురించి రాస్తున్నాను. దుస్తులకూ వైద్యానికీ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. గత మే నెలలో కోదాడలోని ఒక ఫంక్షన్ హాలులో జరిగిన సంగతి ముందుగా చెబుతాను.

మా దూరపు బంధువుల ఇంట ఓణీల వేడుక. అమ్మాయికి పదమూడేళ్లు. పూర్వమైతే పసుపు రాసి స్నానం చేయించి, మేనమామ తెచ్చిన పట్టు లంగా, ఓణీ కట్టించి, పీట మీద కూర్చోబెట్టి అక్షింతలు వేసేవారు. ఇప్పుడు ఆ లంగా ఓణీ ఒక పూటకే పరిమితం. సాయంత్రం వేదిక మీదికి వచ్చేటప్పుడు ‘యువరాణి’ అలంకారం ఉండాలట. సినిమాల్లో, సెల్‌ఫోన్ వీడియోల్లో కనిపించే 18వ శతాబ్దపు యూరపు రాణుల గౌనుకు నకలు అది. నడుము దగ్గర డమరుకంలా సన్నగా, కింద గాదెలా వెడల్పుగా ఉంటుంది. పై భాగంలో ప్లాస్టిక్ పుల్లలు దూర్చి వెనుక తాళ్లతో బిగించే కార్సెట్. కింద గౌను పొంగి నిలబడడానికి పొరలు పొరలుగా నైలాన్ నెట్టు. దుకాణాల వారు దాన్ని ‘క్యాన్‌క్యాన్’ అంటారు. అంతా కలిపి ఒక రోజు కిరాయికి తెచ్చారు.

అమ్మాయి పొగమంచు యంత్రం వదిలిన తెల్లని పొగలోంచి నడిచి వచ్చింది. నలభై నిమిషాలు నిలబడి ఫొటోలు దిగింది. ఆ తరువాత ఒక్కసారిగా ఒరిగిపోయింది. ‘దిష్టి తగిలింది’ అని ఒకరు ఉప్పూ మిరపకాయలూ తేవడానికి పరుగెత్తారు. ఇంకొకరు స్పృహలో లేని పిల్ల నోట్లో కూల్‌డ్రింకు పోయబోయారు. నేను వారిని వారించి, పిల్లను పక్కకు తిప్పి, వెనుక తాళ్లు విప్పబోయాను. ముళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. ‘కత్తెర తెండి’ అన్నాను. అప్పుడు ఆ తల్లి అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

“అయ్యో, కోయకుండ్రి సారూ! కిరాయికి తెచ్చినం.”

ఆమెను నేను తప్పు పట్టను. ఆ గౌను చిరిగితే కట్టవలసిన సొమ్ము ఆమెకు తెలుసు. బిగువు కింద ఊపిరితిత్తుల అవస్థ ఆమెకు తెలియదు. తాళ్లు కోశాక, కాళ్లు ఎత్తి పట్టాక, రెండు నిమిషాల్లో పిల్ల కళ్లు తెరిచింది. “పొద్దుటి సంది నీళ్లు తాగలే తాతా. బాత్రూముకు పోవస్తలేదు ఈ గౌనుతోని” అంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో ఈ రెండు మూడేళ్లలో నేను పిలుపు మీద వెళ్లిన వేడుకల్లో ఇలాంటి అలంకారం లేనిది అరుదు. పెళ్లికి ముందు తీసే వీడియోలకూ అదే వేషం. అందుకే నా వాదాన్ని దాపరికం లేకుండా చెబుతున్నాను. పాత కాలపు దుస్తులను మెచ్చుకోవడం తప్పు కాదు. వాటిని మళ్లీ కుట్టుకుని ధరించడమూ తప్పు కాదు. అయితే ఉడుపును ఒంటికి కొలిచి కుట్టాలి. ఉడుపు కొలతకు ఒంటిని కుదించడం హింస. మనం చేస్తున్నది ఆ రెండవ పని. అదీ పదమూడేళ్ల పిల్లల మీద చేస్తున్నాము.

ఆ గౌనులో మన నూలు ఉంది

‘డాక్టరుగారికి ఫ్యాషన్ అంటే గిట్టదు’ అనుకోకండి. 18వ శతాబ్దపు యూరపు స్త్రీల దుస్తులను మెచ్చుకునే హక్కు ప్రపంచంలో ఎవరికైనా ఉంటే అది ముందుగా మన తెలుగువారికే ఉంది. ఎందుకో చెబుతాను.

సూర్యాపేట, కోదాడల మీదుగా సాగే 65వ జాతీయ రహదారి ఎక్కడ ముగుస్తుందో మీకు తెలుసు: మచిలీపట్నంలో. గోల్కొండ సుల్తానుల కాలంలో ఆ రాజ్యానికి ప్రధాన రేవు అదే. ఆ తీరంలో నేసి, అద్దకం వేసిన నూలు బట్ట ఓడలెక్కి ఆమ్‌స్టర్‌డామ్‌కూ, లండన్‌కూ, పారిస్‌కూ వెళ్లింది. ‘చింట్జ్’ అని అక్కడివారు మురిసిపోయిన బట్ట అదే. మనం కలంకారీ అంటున్నాము. కరక్కాయ కషాయంలో, గేదె పాలలో బట్టను నానబెట్టి, పటికతో గీతలు గీసి, చిరువేరుతో ఎరుపు దింపి, తుప్పు ఇనుమును బెల్లంతో పులియబెట్టి నలుపు తీసి, పారే నీటిలో జాడించేవారు. అప్పటి యూరపు అద్దకం రంగులు ఉతికితే వెలిసిపోయేవి. మన రంగులు ఉతికే కొద్దీ తేటపడేవి. అది వాళ్లను ఆశ్చర్యపరిచింది.

ఆ బట్ట మీద మోజు ఎంతగా పెరిగిందంటే ప్రభుత్వాలే భయపడ్డాయి. ఫ్రాన్సు 1686లో దాన్ని నిషేధించి 1759 వరకు ఆ నిషేధం ఎత్తివేయలేదు. ఇంగ్లండు 1700లో రంగుల నూలు బట్టల దిగుమతి మీద చట్టం చేసింది, 1721లో మరో చట్టంతో వాటిని ధరించడాన్నే నేరం చేసింది. దానికి రెండేళ్ల ముందు, 1719లో, లండన్ పట్టు నేతగాళ్లు తమ జీవనోపాధి పోతోందన్న ఆగ్రహంతో, నూలు చింట్జ్ గౌన్లు వేసుకున్న స్త్రీలను వీధుల్లో వెంటాడి బట్టలు చింపారు, సిరా చల్లారు, ఆమ్లం కూడా పోశారు. అయినా ఆ స్త్రీలు ఆ బట్టను వదులుకోలేదు. తేలికగా ఉండి, ఉతకడానికి వీలై, ఒంటికి హాయినిచ్చే బట్ట అది. ఆనాటి గౌన్లు నేటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

కనుక మన బిడ్డ 18వ శతాబ్దపు గౌను చూసి ‘ఎంత బాగుందో’ అంటే నాకు సంతోషమే. బాగుంటుంది మరి, అందులో మన కృష్ణా తీరపు పనితనం ఉంది. నా బాధ వేరు. ఆ కాలం నుంచి తెచ్చుకోదగిన నూలును, అద్దకాన్ని, చేతి కుట్టును వదిలేసి, ఆ కాలపు స్త్రీలే వదిలించుకోవాలని పెనుగులాడిన బిగువును కిరాయికి తెచ్చుకుంటున్నాము. పైగా ఆ నూలు చోట నైలాన్!

ఆ రాణి కూడా వద్దంది

ఈ అలంకారానికి దుకాణాల వారు తరచు పెట్టే పేరు ఫ్రాన్సు రాణి మేరీ ఆంట్వానెట్‌ది. ఆమె కథలో దుకాణం వారు చెప్పని భాగం ఒకటి ఉంది.

ఆమె 1755లో పుట్టింది. 1770లో, పద్నాలుగేళ్ల వయసులో, పెళ్లయి వెర్సాయి రాజభవనానికి వచ్చింది. అక్కడి రాచకుటుంబపు స్త్రీలు అత్యంత బిగువైన ఒక ప్రత్యేక కార్సెట్ ధరించాలన్నది ఆచారం. తిమింగలం నోటిలోని గట్టి పలకలను చీల్చి బద్దలుగా దూర్చి కుట్టేవారు దాన్ని. ఆ పిల్ల దాన్ని తొడగనని మొండికేసింది. ఆస్థానమంతా గుసగుసలు పోయింది. రాయబారులు ఆ సంగతిని వియన్నాలోని ఆమె తల్లికి, మహారాణి మరియా థెరీసాకు, ఉత్తరాల్లో రాశారు. రెండు రాజ్యాల పెద్దలు కలిసి ఒక పిల్ల నడుమును బిగించడానికి ఉత్తరాలు రాసుకున్నారన్నమాట. చివరికి ఆమె లొంగవలసి వచ్చింది.

పెద్దదయ్యాక మాత్రం ఆమె తెల్లని పలుచటి మస్లిన్ గౌను, నడుముకు ఒక పట్టీ, తలకు గడ్డి టోపీ ధరించడం మొదలుపెట్టింది. 1783లో ఆ వేషంలో ఆమెను చిత్రకారిణి విజే ల బ్రున్ చిత్రించి ప్రదర్శనలో పెడితే, ‘రాణి లోబట్టలతో నిలబడింది’ అని జనం గోల చేశారు. చిత్రాన్ని తీసివేయవలసి వచ్చింది.

ఇప్పుడు కోదాడ వేదిక మీది పదమూడేళ్ల పిల్లను తలుచుకోండి. ఏ రాణి పేరు చెప్పి ఆమెకు కార్సెట్ బిగించారో, ఆ రాణి దాదాపు అదే ఈడులో దాన్ని వద్దని మొండికేసింది. మనం ఆ రాణిని అనుకరించడం లేదు, ఆమెను బిగించినవారిని అనుకరిస్తున్నాము.

వైద్యులు కూడా ఆనాడే హెచ్చరించారు. జర్మనీ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు జ్యోమరింగ్ 1788లోనే కార్సెట్ల హాని గురించి పుస్తకం ప్రచురించాడు. బిగించిన నడుము లోపల పక్కటెముకలు ఎలా నొక్కుకుపోతాయో బొమ్మ గీసి చూపాడు. రెండు వందల ముప్పై ఏళ్లు దాటినా అదే మాట నేను మళ్లీ చెప్పవలసి రావడం మనకు గౌరవం కాదు.

లోపల ఏమి జరుగుతుంది?

ఊపిరి పీల్చినప్పుడు మన ఛాతీకీ పొట్టకూ మధ్య గొడుగులా ఉండే డయాఫ్రమ్ అనే కండరం కిందికి దిగుతుంది, కింది పక్కటెముకలు పక్కలకు విచ్చుకుంటాయి. బిగించిన కార్సెట్ ఈ రెంటినీ అడ్డుకుంటుంది. అప్పుడు మనిషి ఛాతీ పైభాగంతో మాత్రమే చిన్న చిన్న ఊపిరులు తీస్తుంది. కూర్చున్నంతసేపు దానితో గడిచిపోతుంది. మెట్లు ఎక్కినా, నాట్యం చేసినా, భయపడినా అది చాలదు.

దానికి మన వేసవిని కలపండి. మే నెలలో మన మూడు పట్టణాల్లోనూ ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. వేడికి చర్మంలోని రక్తనాళాలు విప్పారతాయి. కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలోకి జారుతుంది. నీళ్లు తాగకపోతే ఒంట్లో ఉన్న రక్తపు పరిమాణమే తగ్గుతుంది. నైలాన్ పొరలు చెమటను ఆరనివ్వవు. ఇవన్నీ కలిసిన క్షణాన మెదడుకు రక్తం చాలక మనిషి పడిపోతుంది. ఇందులో దిష్టి ఏమీ లేదు.

దానికి రక్తహీనతను కూడా కలపండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. అంటే ఒక వేడుకలో కూర్చున్న స్త్రీలలో సగం కంటే ఎక్కువ మంది. మా అమ్మాయికి మర్నాడు పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9 గ్రాములు ఉంది. ఆ ఈడు పిల్లకు 12 గ్రాములకు తగ్గకూడదు. వేదిక అలంకరణకూ, గౌనుకూ, డ్రోన్ కెమెరాకూ డబ్బు లెక్క చూడని ఇంట్లో ఆ పిల్ల రక్తాన్ని ఎవరూ ఒక్కసారైనా పరీక్షించలేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ పరీక్షకు పైసా ఖర్చు లేదు. బడిలో వారం వారం ఇచ్చే ఐరన్ మాత్రను ‘కడుపులో తిప్పుతోంది’ అని పిల్ల పారేసేదట.

మూత్రాన్ని గంటల తరబడి ఆపుకోవడం, ఆపుకోవలసి వస్తుందని నీళ్లు మానేయడం మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు దారి. ‘ఫంక్షన్ అయిన మూడో రోజు నుంచి మంట, చలిజ్వరం’ అని వచ్చిన పిల్లలను నేను చూశాను. తొడ వెలుపలి వైపు తిమ్మిరి, మంట అని వచ్చేవారూ ఉంటారు. బిగువు వల్ల నడుము దగ్గర ఒక నరం నలిగితే వచ్చే బాధ అది. బిగువు తీసేస్తే చాలామందికి తగ్గిపోతుంది. పొట్ట మీద ఒత్తిడి పెరిగి కడుపులోని ఆమ్లం గొంతులోకి ఎగదన్నడం మరొకటి. పైగా ఆ వేడుకలో తినేది బిర్యానీ!

ఒక్క రోజే కదా?

‘ఒక్క రోజుకు ఏమవుతుంది డాక్టరుగారూ’ అని మీరు అనవచ్చు. నిజమే, ఒక్క రోజు కార్సెట్‌తో ఎముకలు వంగిపోవు. నేను అబద్ధపు భయం పెట్టను. అయితే ఒక్క రోజు వేసవిలో పడిపోవడం, ఒక్క నిప్పురవ్వ నైలాన్ నెట్టు మీద పడడం, దేనికైనా ఆ ఒక్క రోజు చాలు. అదీగాక, ‘అందం కోసం బాధను ఓర్చుకోవాలి’ అనే పాఠం ఒక్క రోజుతో ముగియదు. అది ఆ పిల్లతో జీవితాంతం నడుస్తుంది.

దానికి రుజువు మన ఇళ్లలోనే ఉంది. లోలంగా నాడాను నడుముకు కోసుకుపోయేటట్లు ఏళ్ల తరబడి ఒకే చోట బిగించి కట్టుకున్న స్త్రీల నడుము చూడండి. నల్లని వలయం, పొట్టు రాలే చర్మం, దురద. సూర్యాపేట ప్రాంతం నుంచి నా దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ అక్కడ మానని పుండును నాలుగేళ్లు పసుపుతో, కొబ్బరినూనెతో నెట్టుకొచ్చింది. ‘చీర కింద ఎవరికి కనపడుతదయ్యా’ అంది. ఇలాంటి దీర్ఘకాలపు ఒరిపిడి పుండ్లు అరుదుగా చర్మ క్యాన్సర్‌గా మారతాయి. మహారాష్ట్ర, బీహార్ వైద్యులు అటువంటి ఇద్దరు వృద్ధ స్త్రీల ఉదంతాలను 2024లో బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించారు. పురుషుల పంచె బిగువు వల్ల వచ్చే ఇలాంటి క్యాన్సర్‌ను మన దేశ వైద్యులు 1945లోనే వర్ణించారు. కనుక ఇది చీర తప్పు కాదు, లంగా తప్పు కాదు. బిగువు తప్పు. నాడా బదులు వెడల్పాటి పట్టీ పెట్టి కుట్టించుకుంటే సరిపోయే దానికి మన ఆడవాళ్లు జీవితాంతం పుండును మోస్తున్నారు. బాధను దాచుకోవడం చిన్నప్పుడే నేర్పాము గనుక.

తెల్లని ముఖపు మోజు

ఆ కాలపు స్త్రీలు ముఖానికి తెల్లని పూత పూసుకునేవారు. అది సీసంతో చేసిన సఫేదా. ఎండలో పనిచేయనక్కరలేని వంశం అని చాటడానికి ఆ తెలుపు. సీసం చర్మాన్ని పాడుచేస్తే ఆ మచ్చలను కప్పడానికి మరింత సీసం పూసేవారు. ఇంగ్లండులో అందగత్తెగా పేరుపొందిన కవెంట్రీ ప్రభువు భార్య మరియా గన్నింగ్ 1760లో చిన్న వయసులోనే మరణించింది. ఆమెను బలిగొన్నది ఆ పూతేనని చాలామంది చెబుతారు, క్షయ అని మరికొందరు అంటారు. ఏదైనా, సీసం విషమన్నది మాత్రం నిస్సందేహం.

‘ఇప్పుడు ఎవరు పూస్తున్నారు సీసం’ అంటారా? కొన్ని చౌకరకం సింధూరాల్లో ఎర్రని సీసపు పొడి, కొన్ని సురమాల్లో సీసపు ఖనిజం ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. అంతకంటే ప్రమాదం మరొకటి: వేడుకకు నెల ముందు నుంచి అమ్మాయికి రాసే ‘తెల్లబడే క్రీము’. మందుల దుకాణంలో చీటీ లేకుండా కొనే ఆ క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి రెండు వారాలు ముఖం మెరుస్తుంది. తరువాత చర్మం పలచబడి, ఎర్రని నరాలు తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే మంట, అందుకని మళ్లీ రాస్తారు. సఫేదా పూసుకున్న స్త్రీలు చిక్కుకున్న ఉచ్చు కూడా అచ్చంగా ఇదే. సరిహద్దులు దాటి వచ్చే కొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుంది. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. చామనచాయ బిడ్డను నెల రోజుల్లో తెల్లగా చేయాలన్న ఆత్రం ఎవరిది? ఆ బిడ్డది కాదు. పెద్దలమైన మనది.

నిజంగా పునఃసృష్టి చేసేవారు ఏమి చేస్తారు?

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో విలియమ్స్‌బర్గ్ అనే ఊరు ఉంది. అక్కడ 18వ శతాబ్దపు పట్టణాన్ని తిరిగి నిలబెట్టి, ఆనాటి వృత్తులను ఆనాటి పద్ధతిలోనే చేసి చూపుతారు. గౌన్లు కుట్టే దుకాణమూ ఉంది. మన పిల్లలు ఎందరో ఆ ప్రాంతాల్లో ఉద్యోగాలు చేస్తున్నారు, వీలైతే వెళ్లి చూడమనండి. ఆ పనివారు మనిషిని కొలిచి, ఆ మనిషి కోసమే చేత్తో కుడతారు. లోపల ఒంటికి తగిలేది మెత్తని నార బట్ట లోచొక్కా. దాని మీదనే కార్సెట్. అది వీపుకు ఆసరాగా ఉండాలి తప్ప ఊపిరి ఆపకూడదు. ఆనాటి పనికత్తెలు, రైతుల భార్యలు ఇలాంటివి తొడుక్కునే బట్టలుతికారు, పాలు పితికారు. తాళ్లు దూర్చే రంధ్రాలకు లోహపు వలయాలు వచ్చింది 19వ శతాబ్దంలో, 1828 తరువాత. అంతవరకు దారంతో కుట్టిన రంధ్రాలు. గట్టిగా లాగితే చిరిగిపోయేవి గనుక ఆ బిగువుకు కొంత హద్దు ఉండేది.

అంటే మన కిరాయి గౌను 18వ శతాబ్దపు గౌనుకు నకలు కూడా కాదు. ఆ కాలం చేతి కుట్టును, సొంత కొలతను, నూలునూ నారనూ వదిలేసి, తరువాతి కాలపు లోహపు వలయాన్నీ మన కాలపు ప్లాస్టిక్ పుల్లనూ నైలాన్ నెట్టునూ కలిపి కుట్టిన వేషం. ముప్పై మంది తొడిగిన దాన్ని ముప్పై ఒకటో పిల్లకు బిగిస్తున్నాము. ఆమె కొలత దానితో సరిపోకపోతే తాళ్లు లాగుతున్నాము.

మరొక మాట. ఆనాటి గౌన్లకు పక్కన చీలిక ఉండేది, దానిలోంచి చెయ్యి పెడితే నడుముకు కట్టుకున్న గుడ్డ సంచీ అందేది. మా నాయనమ్మ రొండిన కూడా అలాంటి వక్కాకు తిత్తి ఉండేది. ఆమె తొడిగింది ముడి రవిక. ముందు రెండు కొసలను ముడి వేసుకునేది. ఒళ్లు చేస్తే ముడి వదులయ్యేది, చిక్కితే బిగిసేది. కడుపుతో ఉన్నప్పుడు, బిడ్డకు పాలిచ్చేటప్పుడు, పొలంలో వంగినప్పుడు అదే రవిక. కొలత మారినందుకు ఆమె ఏనాడూ సిగ్గుపడలేదు. ఆమె ఒంటిని బట్టి బట్ట నడిచింది. పాత కాలపు స్త్రీల దుస్తులను పునఃసృష్టించాలన్న కోరిక నిజమైనదైతే, ముందుగా మన నాయనమ్మ ముడి రవికను ఎందుకు మెచ్చుకోము? మన పాత నల్లగొండ జిల్లాలోనే పోచంపల్లి ఉంది, పుట్టపాక ఉంది. పుట్టపాక తేలియా రుమాలు పనితనం ప్రపంచానికి తెలుసు. ఒక పూట కిరాయి గౌనుకు పోసే డబ్బుతో ఆ నేతగాడి చీర ఒకటి ఇంట్లో శాశ్వతంగా ఉంటుంది.

మీరు చేయవలసినవి

వేడుక మానమని నేను అనడం లేదు. ఇంట్లో శుభకార్యం తలపెట్టినవారు ఈ మాటలు గుర్తుంచుకుంటే చాలు.

1. ముహూర్తం పెట్టుకున్న రోజే పిల్లకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. తక్కువ ఉంటే వైద్యుని సలహాతో ఐరన్ మాత్రలు, ఆకుకూరలు, పప్పులు, గుడ్లు, నిమ్మ, ఉసిరి ఇవ్వండి. మాత్ర వేసుకున్న గంట సేపు టీ ఇవ్వకండి.

2. ఏ దుస్తులైనా తొడిగాక పిల్లను కూర్చోమనండి, వంగమనండి, గట్టిగా ఊపిరి పీల్చమనండి, నవ్వమనండి. వీటిలో ఏది చేయలేకపోయినా ఆ దుస్తులు ఆమెవి కావు.

3. కార్సెట్ తప్పదనుకుంటే ఆమె కొలతకు కుట్టించండి. లోపల మెత్తని నూలు లోచొక్కా ఉండాలి. బట్టకూ ఒంటికీ మధ్య నాలుగు వేళ్లు సులువుగా దూరాలి. గంటకు మించి ఉంచకండి. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు అసలే వద్దు.

4. గంటగంటకూ నీళ్లో, మజ్జిగో ఇవ్వండి. బాత్రూముకు తోడు వెళ్లడానికి ఒక అక్కనో, పిన్నినో ముందే నియమించండి.

5. నైలాన్ నెట్టు గౌనుతో దీపం, కొవ్వొత్తి, నిప్పురవ్వలు చిమ్మే గొట్టాల దగ్గరికి పంపకండి. నైలాన్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. నా సర్వీసులో అలాంటి కాలిన గాయాలకు కట్లు కట్టిన రాత్రులు ఎన్నో. ఒకవేళ అంటుకుంటే నేల మీద పడుకోబెట్టి దొర్లించండి. తరువాత ఇరవై నిమిషాలు పారే చల్లని నీటి కింద ఉంచండి. అతుక్కున్న బట్టను లాగకండి. టూత్‌పేస్టు, సిరా పూయకండి.

6. ఎవరైనా స్పృహ తప్పితే బిగువు విప్పండి, విప్పడం రాకపోతే కోయండి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పండి. నోట్లో ఏమీ పోయకండి. రెండు నిమిషాల్లో తేరుకోకపోతే 108కి ఫోన్ చేయండి.

7. తెల్లబడే క్రీములు పూర్తిగా మానండి. ఇప్పటికే నెలల తరబడి వాడుతూ ఉంటే ఉన్నట్టుండి ఆపకుండా చర్మవైద్యుణ్ణి కలవండి.

8. ఇంట్లోని అమ్మలు, అమ్మమ్మలు, నాయనమ్మల నడుము ఒకసారి చూడండి. నల్లని వలయం ఉంటే నాడా స్థానంలో వెడల్పు పట్టీ వేయించండి, కట్టే చోటు మార్చమనండి. నెల దాటినా మానని పుండు ఉంటే సిగ్గుపడకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మా కోదాడ అమ్మాయి ఇప్పుడు కులాసాగా ఉంది. మూడు నెలలు మాత్రలు వాడాక హిమోగ్లోబిన్ 11 దాటింది, ఇంకా పెరగాలి. మొన్న వాళ్లింటికి వెళితే వేడుక ఆల్బం చూపించారు. యువరాణి వేషంలో నలభై ఫొటోలుంటాయి. ఒక్కదానిలోనూ పిల్ల నవ్వలేదు. ఊపిరి లేనిదే నవ్వెక్కడిది? చివరి పుటలో ఒక ఫొటో ఉంది. తాళ్లు కోశాక, వాళ్ల అమ్మమ్మ పాత నూలు చీర ఒంటికి చుట్టి, చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చినప్పుడు ఎవరో సెల్‌ఫోన్‌తో తీసినది. అందులో ఆమె పళ్లన్నీ కనిపించేటట్లు నవ్వుతోంది.

ఆ తల్లి ఆ ఫొటో దగ్గర ఆగి, “కిరాయి గౌనుకు కట్టిన జుర్మానా పోతే పోయింది సార్” అంది. ఆ మాట తాళ్లు కోయక ముందే అనగలిగిన తల్లిదండ్రులుగా మనందరమూ మారాలని నా కోరిక.

ఆరోగ్యమస్తు.